హాస్టల్‌కి వెళ్ళే పిల్లల పేరిట బ్యాంకు ఖాతా: దరఖాస్తు ఎలా చేయాలి, డబ్బులు ఎలా పంపాలి

పిల్లని హాస్టల్లో దింపేసి వచ్చాక బ్యాంకు పని చూసుకుందాంలే అనుకుంటున్నారా, ఆ పని మాత్రం చేయకండి. బకెట్టు, మగ్గు, దుప్పటి అని రాసుకునే లిస్టులోనే ఖాతా పని కూడా రాసుకోండి. 18 నిండని పిల్లలకి ఖాతా అంటే బ్యాంకువాళ్ళు తల్లినో తండ్రినో రమ్మంటారు, పిల్లనీ తీసుకురమ్మంటారు, ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉండే రోజులు మళ్ళీ దసరా సెలవులకి గానీ రావు. మేం అక్కడే దెబ్బతిన్నాం. మా అమ్మాయి ఇంటర్‌కి విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరింది, మేమేమో విశాఖలో, మొదటి మూడు నెలలూ వార్డెన్ గారి నంబర్‌కి డబ్బులు పంపి "మేడమ్, కాస్త పాపకి ఇవ్వండి" అని బతిమాలుకోవడమే సరిపోయింది.

బ్యాంకు ఏదైనా ఫరవాలేదు గానీ ముందు ఒక్కటి తేల్చుకోండి, హాస్టల్లో ఫోన్ ఉండనిస్తారా? ఇంటర్ హాస్టళ్ళలో చాలాచోట్ల ఉండనివ్వరు. ఫోన్ లేకపోతే యూపీఐ లేదు, ఓటీపీ పిల్లకి చేరదు, అప్పుడు ఏటీఎం కార్డొక్కటే దిక్కు. ఖాతాకి ఇచ్చే మొబైల్ నంబర్ కూడా మీదే అవ్వాలి. డిగ్రీకో ఇంజినీరింగ్‌కో వెళ్ళి చేతిలో ఫోన్ ఉన్న పిల్లలకైతే లెక్క వేరు, అది తర్వాత చెప్తాను.

మైనర్ల ఖాతాలు రెండు రకాలు. ఒకటి గార్డియన్‌తో కలిపి తెరిచేది, దీనికి వయసుతో పని లేదు, గార్డియన్‌గా తల్లి అయినా ఉండొచ్చు, తండ్రే రావాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండోది పిల్లలు సొంతంగా నడుపుకునేది. 10 ఏళ్ళు దాటినవాళ్ళకి ఇలాంటి ఖాతా ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మరోసారి స్పష్టంగా చెప్పింది, ఎంత వరకు వాడుకోవచ్చు, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఆయా బ్యాంకుల ఇష్టానికి వదిలేసింది. అందుకే ఒక బ్యాంకులో ఇచ్చే కార్డు ఇంకో బ్యాంకులో ఇవ్వరు, అడిగి తెలుసుకోవాల్సిందే. స్టేట్ బ్యాంకులో మొదటి రకాన్ని పెహ్లా కదమ్ అనీ రెండో రకాన్ని పెహ్లీ ఉడాన్ అనీ అంటారు, రెండిట్లోనూ కార్డుతో తీసుకోగలిగేది 5,000 వరకే. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా కూడా 10 దాటిన పిల్లలు సొంత పేరుతో తీసుకోవచ్చు, అందులో 500 రూపాయలు ఎప్పుడూ ఉండాలి. ఏ ఖాతా అయినా మైనర్‌కి ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు, ఉన్నంతే వాడుకోవాలి, అది మన మంచికే. మినిమం బ్యాలెన్స్ ఎంతో, తగ్గితే ఎంత కోస్తారో ఫారం నింపక ముందే అడగండి.

నన్నడిగితే ఇంటర్ పిల్లలకి గార్డియన్‌తో కలిపి తెరిచేదే మేలు. కార్డు పోయినా, పిల్లకి జ్వరం వచ్చినా మనం ఇక్కడి నుంచే ఆ ఖాతా కదపగలం. మా అమ్మాయి మాత్రం సొంతంగా సంతకం పెట్టేదే కావాలని పట్టుపట్టింది, ఆ కథ కాసేపట్లో.

ఇక కాగితాలు. పిల్ల ఆధార్, పుట్టిన తేదీకి ఋజువు (మున్సిపాలిటీ, అంటే మా ఊళ్ళో జీవీఎంసీ, ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్ గానీ టెన్త్ మెమో గానీ), గార్డియన్ ఆధార్, పాన్, ఇద్దరివీ పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పిల్లకి పాన్ లేకపోతే ఆ మాట చెప్పే ఒక డిక్లరేషన్ నింపిస్తారు, కంగారు పడకండి. కొన్నిచోట్ల కాలేజీ ఐడీ కార్డో స్టడీ సర్టిఫికెట్టో కూడా అడుగుతారు. జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకెళ్ళండి, ఒరిజినల్స్ కూడా చేతిలో ఉండాలి. మీ ఖాతా ఉన్న బ్రాంచిలోనే తెరిస్తే మీ వివరాలు అప్పటికే వాళ్ళ దగ్గర ఉంటాయి కాబట్టి సగం పని తగ్గుతుంది, కాలేజీ ఊళ్ళో బ్రాంచి వెతుక్కోనక్కర్లేదు, కార్డు ఎక్కడైనా పనిచేస్తుంది.

అసలు తలనొప్పి పేర్ల దగ్గర. మా పాప ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం ఇనిషియల్ ఉంది, టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది. కౌంటర్‌లో ఉన్నాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పెన్ను మూతతో ఒక్కో అక్షరం మీదా తట్టుకుంటూ వచ్చి, "ఇవి రెండూ ఒకరివే అని నాకు తెలుసు సార్, సిస్టమ్‌కి తెలియాలి కదా" అన్నాడు. తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం, మూడోసారి గుమ్మం దగ్గర సెక్యూరిటీ ఆయన "ఏటి బాబూ, మళ్ళీ వచ్చీసారా" అని నవ్వేశాడు. కాబట్టి ముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ మెమోతో సరిపోయాయో లేదో చూసుకోండి, తేడా ఉంటే ఆధార్‌నే మెమోకి తగ్గట్టు మార్పించండి, ఎందుకంటే రేపు పాస్‌పోర్టు అయినా ఉద్యోగమైనా అందరూ అడిగేది టెన్త్ మెమోనే. ఆధార్‌లో పేరు జీవితం మొత్తం మీద రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే, స్పెల్లింగ్ నాలుగుసార్లు చూసుకుని సంతకం పెట్టండి. ఇంకోటి, 15 ఏళ్ళు వచ్చాక వేలిముద్రలు, కంటిపాప మళ్ళీ ఇవ్వాలి. చాలామంది ఇది మర్చిపోతారు, తీరా బ్యాంకులో వేలు పెట్టించినప్పుడు మెషీన్ ఒప్పుకోదు. వార్డు సచివాలయంలో గానీ పోస్టాఫీసులో గానీ ఆధార్ సెంటర్ ఉంటే అక్కడ ఈ పని అయిపోతుంది.

సరే, సంతకం. పిల్లలు సొంతంగా నడుపుకునే ఖాతాకి సంతకం ప్రతిసారీ ఒకేలా రావాలి. మా అమ్మాయి పాత రఫ్ నోట్సు వెనక పేజీల నిండా ప్రాక్టీసు చేసి, చివర తోకలా ఒక గీత సాగదీసి, కింద రెండు చుక్కలు పెట్టే సంతకం ఒకటి తయారు చేసుకుంది. ఫారం మీద మూడు చోట్ల పెడితే మూడు రకాలుగా వచ్చింది, ఒకదానికి తోక గడి దాటిపోయి ఫొటో మీదకి ఎక్కింది. ఆఫీసర్ మేడమ్ కోప్పడలేదు, కొత్త ఫారం ఇచ్చి "నాన్నా, ఆర్నెల్ల తర్వాత కూడా ఇలాగే పెట్టగలవా" అని అడిగింది. చివరికి తోక, చుక్కలు తీసేసి పేరు మామూలుగా రాసేసింది. మీ ఇంట్లో కూడా ముందురోజు ఒక పదిసార్లు పెట్టించి చూడండి, నవ్వులాటగా ఉంటుంది గానీ ఇంకో ట్రిప్పు తప్పుతుంది.

ఫారంలో ఆధార్ సీడింగ్‌కి, అంటే ఆధార్‌ని ఈ ఖాతాకి ముడిపెట్టడానికి, ఒప్పుకుంటున్నట్టు ఒక గడి ఉంటుంది, అక్కడ ఆగి ఆలోచించండి. ప్రభుత్వం వేసే స్కాలర్‌షిప్‌లాంటి డబ్బు ఆధార్‌కి చివరగా మ్యాప్ అయిన ఒక్క ఖాతాలోకే పోతుంది. పిల్లకి ఇప్పటికే స్కూల్లో తెరిచిన పాత ఖాతా ఉండి అందులో స్కాలర్‌షిప్ పడుతుంటే, ఇక్కడ టిక్కు పెట్టగానే అది కొత్తదానికి మారిపోవచ్చు. మారినా నష్టం లేదు, కానీ డబ్బు రాలేదని పాత పాస్‌బుక్ పట్టుకుని తిరక్కూడదు కదా.

కార్డు వచ్చాక పిన్ పెట్టుకోవడం ఇంటి దగ్గరే అవ్వాలి. మేం ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దగ్గర ఏటీఎంలో పాపతోనే పిన్ పెట్టించి, 500 తీయించి, అప్పుడు రత్నాచల్ రైలు ఎక్కించాం. కొత్త కార్డుకి మొదట్లో ఏటీఎంలో, షాపు మెషీన్‌లో పెట్టి వాడుకునే వీలే ఉంటుంది, ఆన్‌లైన్, వైఫై గుర్తుతో తాకించి కట్టడం మనం ఆన్ చేస్తేనే వస్తాయి. వాటిని ఆన్ చేయకండి. తాకించి కట్టేదానికి 5,000 దాకా పిన్ అక్కర్లేదు, హాస్టల్ గదిలో ఆరుగురి మధ్య తిరిగే కార్డుకి అంత స్వేచ్ఛ దేనికి?

ఏటీఎం చార్జీల గురించి పిల్లలకి ఎవరూ చెప్పరు, మనమే చెప్పాలి. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకి 5 సార్లు ఫ్రీ. వేరే బ్యాంకుదైతే విజయవాడలాంటి ఊళ్ళలో 5, హైదరాబాద్‌లో 3. అవి దాటితే 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా వేస్తున్నారు, పైన జీఎస్టీ. వేరే బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకున్నా అది కూడా లెక్కలోకే వస్తుంది. మా పాప మొదటి నెల వంద రూపాయలు తీయడానికి ముందోసారి, తర్వాతోసారి బ్యాలెన్స్ చూసేదట. డబ్బు రాకుండా ఖాతాలో తగ్గిపోతే స్లిప్పు దాచుకుని మనకి చెప్పమనండి, బ్యాంకు 5 రోజుల్లో తిరిగి వేయాలి, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు రూలు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) ఫిర్యాదు పెట్టొచ్చు, ఫీజేమీ లేదు.

పంపడం సులువే. ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ (పాస్‌బుక్ మీదుండే బ్రాంచి కోడ్) ఉంటే మీ యూపీఐ యాప్‌లోంచే పంపొచ్చు. ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నానే, దాన్ని ఓ అని కొట్టి చాలామంది తికమక పడతారు. మొదటిసారి ఒక్క రూపాయి పంపి చూడండి. నెఫ్ట్ ఇప్పుడు రోజంతా నడుస్తుంది గానీ అరగంటకోసారి బ్యాచిలో వెళ్తుంది, వెంటనే చేరాలంటే ఐఎంపీఎస్ గానీ యూపీఐ గానీ. మేం నెలకోసారి 2,000 పంపేవాళ్ళం, పదో తారీకుకే అయిపోయేది. ఇప్పుడు ప్రతి శనివారం రాత్రి 400 వేస్తున్నాం, ఆదివారం అవుటింగ్‌కి సరిపోతుంది, నెలాఖరున ఫోన్‌లో ఏడుపులు తగ్గాయి. మా నాన్నగారు నాకు మనియార్డర్ పంపితే ఆ ఫారం కిందున్న చిన్న జాగాలో "జాగ్రత్తగా ఖర్చు పెట్టు" అని రాసేవారు, నేను ఇప్పుడు రిమార్క్స్‌లో అదే కొడుతున్నా, పాస్‌బుక్ ప్రింటు వేసినప్పుడు చదువుకుంటుందని.

ఫీజు మాత్రం పిల్ల ఖాతాలో వేయకండి, నేరుగా కాలేజీకే కట్టి రసీదు తీసుకోండి. మామూలుగా యూపీఐకి రోజుకి లక్షే హద్దు, కానీ చదువు ఫీజులకి 5 లక్షల దాకా కట్టే వీలుంది.

ఫోన్ ఉన్న పిల్లలకైతే యూపీఐ సర్కిల్ చూడండి, 2024లో వచ్చింది. పిల్ల యూపీఐ ఐడీని మీ యాప్‌లో కలుపుకుంటే మీ ఖాతాలోంచే తను కట్టుకోగలదు. నెలకింత అని హద్దు పెట్టి వదిలేయొచ్చు, దానికి 15,000 మించి కుదరదు, ఒక్కసారికి 5,000. లేదంటే ప్రతి చెల్లింపుకీ మీ ఫోన్‌కి రిక్వెస్టు వచ్చి మీరు పిన్ కొడితేనే వెళ్ళేలా పెట్టుకోవచ్చు. ఈ రెండోది వినడానికి బాగుంటుంది గానీ, మీరు డ్యూటీలో ఉన్నప్పుడు పిల్ల క్యాంటీన్ కౌంటర్ దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడిపోతుంది.

"మీ పాపని ఆసుపత్రిలో చేర్చాం, వెంటనే డబ్బు పంపండి" అని కొత్త నంబర్ నుంచి ఫోన్ వస్తే ముందు పెట్టేసి వార్డెన్‌కి చేయండి. అప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చివరగా, 18 నిండిన రోజు నుంచి మైనర్ ఖాతా అలాగే నడవదు. గార్డియన్ సంతకం చెల్లదు, పిల్ల మళ్ళీ కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు), ఫొటో, కొత్త సంతకం ఇవ్వాలి, లేకపోతే లావాదేవీలు ఆపేస్తారు. పుట్టినరోజు పరీక్షల మధ్యలో పడితే కష్టం, దగ్గరలో ఉన్న సెలవులకే ఆ ఫారం తెచ్చి పెట్టుకోండి. మా అమ్మాయికి వచ్చే ఫిబ్రవరికి నిండుతాయి. ఆ తోక, రెండు చుక్కలు ఈసారి తిరిగి తెచ్చుకుంటుందట, ఇప్పట్నుంచే ప్రాక్టీసు మొదలెట్టింది.