పసిపిల్లల జ్వరం, విరేచనాలు, దగ్గు: కొలత తప్పితే మందూ ముప్పే

పసివాళ్లను తరచూ పట్టి పీడించేవి మూడు: జ్వరం, వాంతులు విరేచనాలు, జలుబు దగ్గు. చాలావరకు నాలుగైదు రోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. ఈలోగా ఇంట్లో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం కొలత దగ్గరే. మందు ఎన్ని మిల్లీలీటర్లు, పొడి ఎన్ని నీళ్లలో, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు అన్నవే అన్నమాట. డిజిటల్ థర్మామీటరు, గీతలున్న సూది లేని సిరంజి, సెకన్ల ముల్లున్న గడియారం ఒకచోట పెట్టుకోండి. బిడ్డ తాజా బరువు కూడా తెలిసి ఉండాలి. మూణ్నెల్ల కిందటి బరువు పనికిరాదు.

జ్వరం

నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం లెక్కలోకి రాదు. థర్మామీటరు కొనను చంక మధ్యలో, చొక్కా అడ్డు లేకుండా పెట్టి, చేతిని ఒంటికి ఆనించి బీప్ వచ్చేదాకా పట్టుకోండి. చంకలో వచ్చే అంకె ఒంటి లోపలి వేడికంటే సుమారు అర డిగ్రీ సెల్సియస్ తక్కువ ఉంటుంది.

మూణ్నెల్ల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, తాకితే ఇంట్లో మందు వేసి చూద్దామనుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ వయసులో రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్‌కు కూడా జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్లు చల్లబడి, పాలు తాగక మగతగా ఉన్నా అంతే తొందర.

మూణ్నెల్లు దాటాక అంకె కంటే బిడ్డ వాలకం ముఖ్యం. ఆరు నెలలు దాటిన బిడ్డ 39 ఉన్నా ఆడుతూ, తాగుతూ, ఉచ్చ పోస్తూ ఉంటే కంగారు అక్కర్లేదు. 38 దగ్గరే ఉన్నా వాడిపోయి, పిలిస్తే పలక్కుండా ఉంటే ఆలస్యం చేయకూడదు. మందు వేసేది బిడ్డ బాధ తగ్గడానికే. థర్మామీటరు అంకెను దించడం కోసం నిద్రపోతున్న పిల్లను లేపి మరీ మందు పొయ్యనక్కర్లేదు.

పారాసెటమాల్ మోతాదు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు ఎడం ఉండాలి. 24 గంటల్లో నాలుగు మోతాదులు మించకూడదు. 8 కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు కావాలి. సీసా మీద ‘5 మి.లీ.లో 120 మి.గ్రా.’ అని ఉంటే 5 మి.లీ. పోయాలి. ‘5 మి.లీ.లో 250’ అని ఉంటే 2.4 మి.లీ. చాలు. ‘1 మి.లీ.లో 100’ అని ఉండే చుక్కల మందయితే 1.2 మి.లీ. మాత్రమే. సిరప్ అనుకుని ఈ చుక్కల మందునే 5 మి.లీ. పోస్తే 500 మిల్లీగ్రాములు ఒక్క గుక్కలో లోపలికి వెళ్తాయి. ఆ బిడ్డకు రోజంతటికీ పైహద్దే 480. కాలేయం దెబ్బతినే దారి ఇదే. అందుకే పాత సీసా అయిపోయి కొత్తది తెచ్చిన ప్రతిసారీ ఆ చిన్న అక్షరాలు మళ్లీ చదవండి. సీసా బాగా కుదపండి, వంటింటి చెంచాతో కొలవకండి. కొన్ని జలుబు మందుల్లో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది, రెండూ కలిపి వేస్తే మోతాదు రెట్టింపవుతుంది. ఆస్పిరిన్ పిల్లలకు అసలు వద్దు.

చల్లటి నీళ్లతో ఒళ్లు తుడిస్తే వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. పల్చటి బట్టలు వేసి వదిలేయండి.

జ్వరంలో ఫిట్స్ వస్తే (ఆరు నెలల నుంచి అయిదేళ్ల మధ్య కొందరికి వస్తాయి) బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. మొదటిసారి వస్తే, త్వరగా ఆగినా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

విరేచనాలు, వాంతులు

ప్రాణం మీదకు తెచ్చేది ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం. ఆ లోటు తీర్చేది ఓఆర్‌ఎస్, అంటే నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే పోసి కలపాలి, అవీ కాచి చల్లార్చినవి. లీటరు పొట్లంలోంచి కాస్త తీసి గ్లాసులో అందాజాగా కలపడం మామూలుగా జరిగే తప్పు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి మెదడుకు చేటు, తక్కువైతే పని చేయదు. పంచదార, పాలు, పళ్లరసం కలపొద్దు. కలిపింది 24 గంటల్లో వాడేసి మిగిలింది పారబోయండి.

విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100 మి.లీ., ఆపై వాళ్లకు 100 నుంచి 200 మి.లీ. పట్టాలి. తాగించగానే కక్కేస్తోందని మానేస్తారు గానీ, అసలు గొడవ గటగటా తాగించడంతోనే. 10 నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. కడుపులో నిలిస్తే నిమిషానికో చెంచాకు పెంచండి. 5 మి.లీ. చెంచా అయితే గంటకు 300 మి.లీ. అవుతుంది, అది తక్కువేం కాదు. తల్లిపాలు ఆపకూడదు. ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ మందు కూడా వేయాలి: ఆరు నెలల లోపు రోజుకు 10, ఆపైన 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు. విరేచనాలు ఆగగానే జింక్ కూడా ఆపేస్తారు, ఆపకండి. విరేచనాలు కట్టేసే పెద్దవాళ్ల మాత్రలు వద్దు.

ఆరేడు గంటలుగా ఉచ్చ లేకపోయినా, నోరు పిడచకట్టినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు లేదా మాడు లోపలికి గుంటపడినా, మలంలో రక్తం, వాంతిలో ఆకుపచ్చ పసరు కనిపించినా ఇంటివైద్యం ఆపి బయల్దేరండి.

దగ్గు

దగ్గు ఎంత గట్టిగా ఉందన్నది కాదు, ఊపిరి ఎంత వేగంగా ఉందన్నది చూడాలి. బిడ్డ నిద్రలో గానీ ఏడవకుండా గానీ ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట మీద చూపు నిలపండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. నిండా 60 సెకన్లు లెక్కించాలి. పసివాళ్లు మధ్యలో కాసేపు ఊపిరి ఆపి మళ్లీ గబగబా తీస్తారు కాబట్టి 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు అంకె వస్తుంది. రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, అంతకు తగ్గకుండా ఉంటే న్యుమోనియా అనుమానించాలి. రెండు నెలల లోపు బిడ్డకు ఎక్కువ వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలిరంగుకు తిరిగినా లెక్కతో పని లేదు, వెంటనే వెళ్లాలి.

ఉత్త జలుబైతే పాలు పట్టడానికి పది నిమిషాల ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో రెండు చుక్కలు సెలైన్ (ముక్కులో వేసే ఉప్పునీటి మందు) వేయండి. ముక్కు మూసుకుపోతే పసిబిడ్డ చప్పరించలేక పాలు వదిలేస్తుంది. నాలుగేళ్ల లోపు వాళ్లకు దగ్గు సిరప్‌లు కొనకండి, లాభం కంటే నష్టమే ఎక్కువ. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. అందులో ఉండే అవకాశమున్న బొట్యులిజం క్రిమి బీజాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి.