మంచు పడకముందే టైర్ల సంగతి

జర్మనీకో కెనడాకో వెళ్లి కారు కొన్నవాళ్లలో చాలామందికి మొదటి మంచు పడేదాకా చలికాలానికి వేసుకునే వింటర్ టైర్లు గుర్తుకు రావు. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది, ఇంకేం కావాలన్న ధీమా. ఫోర్ వీల్ డ్రైవ్ బండి కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఏబీఎస్ కూడా టైరుకు ఉన్న పట్టును సరిగా వాడుకుంటుందే తప్ప లేని పట్టును తెచ్చిపెట్టలేదు. అసలు చిక్కేమిటంటే, ఫోర్ వీల్ డ్రైవ్ బండి తడబడకుండా బయల్దేరిపోతుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో మనకు తెలియదు. ఎర్ర లైటు దగ్గర బ్రేకు తొక్కాకే తెలుస్తుంది.

వింటర్ టైర్లు మంచు కోసమే అనుకోవడం కూడా సరికాదు. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి వెళ్తే బిగుసుకుపోవడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్న రబ్బరుతో పెన్సిల్ గీత చెరపబోతే కాగితం మీద జారుతుందే, అలాగే తయారవుతుంది. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేస్తారు. దాన్ని దగ్గర నుంచి చూస్తే రోడ్డుకు ఆనే ఒక్కో రబ్బరు దిమ్మె మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు వంకరటింకరగా కనిపిస్తాయి. చక్రం తిరిగేటప్పుడు అవి కొద్దిగా తెరుచుకుని, వాటి అంచులు రోడ్డును పట్టుకుంటాయి. పెద్ద గాడుల్లో మంచు కూరుకుపోయి ఉంటే కంగారు పడక్కర్లేదు, అది కావాలని చేసిన ఏర్పాటే. మంచుకు మంచు బాగా అతుక్కుంటుంది.

టైరు పక్కన బురద తుడిచి చూడండి. ఎం ప్లస్ ఎస్ (M+S, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే సంబరపడకండి. అది గాడుల ఆకృతిని బట్టి తయారీదారు వేసుకునే గుర్తు, దాని వెనక పరీక్ష ఏదీ ఉండదు. చూడాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు స్ఫటికం ఉన్న బొమ్మ. మంచు మీద పట్టును పరీక్షించాకే ఆ బొమ్మ వేస్తారు. అమెరికాలో కొత్త కార్లకు వచ్చే ఆల్ సీజన్ టైర్లలో చాలావాటికి ఇది ఉండదు. ఆల్ వెదర్ అని అమ్మేవాటికి సాధారణంగా ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని షాపులో తికమకపడకండి, బొమ్మ చూసి కొనండి.

చట్టం ఒక్కో దేశంలో ఒక్కో రకం. జర్మనీలో ఫలానా తేదీ నుంచి అని లేదు, రోడ్డు మీద మంచో, గడ్డకట్టిన ఐసో ఉంటే మాత్రం తగిన టైర్లు ఉండి తీరాలి. 2024 అక్టోబర్ 1 నుంచి కొండ బొమ్మ ఉన్నవాటినే ఒప్పుకుంటున్నారు. లేకపోతే డ్రైవరుకు కనీసం 60 యూరోల జరిమానా, లైసెన్సు ఖాతాలో ఒక తప్పు పాయింటు. ఆస్ట్రియాలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా చలికాలపు రోడ్ల మీద వింటర్ టైర్లు తప్పనిసరి, గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కెనడాలో క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు తప్పనిసరి. పక్కనున్న ఒంటారియోలో ఆ నిర్బంధం లేదు కానీ, వింటర్ టైర్లు వేస్తే ఇన్సూరెన్సు కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి, అడిగి తీసుకోండి. బ్రిటిష్ కొలంబియాలో అక్టోబర్ 1 నుంచి చాలా హైవేల మీద ఎం ప్లస్ ఎస్ గుర్తుతోనే సరిపెట్టుకుంటారు. పోలీసు ఒప్పుకున్నాడని కొండ దారిలో ఐస్ ఒప్పుకోదు.

ఏ రకం కొనాలన్నది మీరు తిరిగే చోటును బట్టి ఉంటుంది. మంచు అప్పుడప్పుడు పడి, ఎక్కువ రోజులు తడి రోడ్లే ఉండే జర్మనీ మైదానాల్లో మధ్య యూరప్ రకం వింటర్ టైరు చాలు. కొండల జోలికి వెళ్లనివాళ్లయితే బొమ్మ ఉన్న మంచి ఆల్ వెదర్‌తోనూ గడిపేయొచ్చు. స్వీడన్, ఫిన్లాండ్‌లలో నెలల తరబడి రోడ్డు ఐస్ కట్టి ఉంటుంది. అక్కడ ఐస్ మీద పట్టు కోసం తయారుచేసే నార్డిక్ రకం కావాలి. కొండ బొమ్మ కోసం చేసే పరీక్ష మంచు మీదే గానీ ఐస్ మీద కాదు. అందుకే 2021 మే నుంచి యూరప్ టైర్ల లేబుల్ మీద ఐస్ పట్టుకు వేరే గుర్తు పెట్టారు. మేకుల టైర్లు ఐస్ మీద గట్టిగా పనిచేస్తాయి కానీ జర్మనీలో వాటికి అనుమతి లేదు, ఒంటారియోలో ఉత్తర భాగానికే పరిమితం.

డబ్బు మిగులుతుందని రెండే మార్చడం మాత్రం వద్దు. ముందు టైర్లు రోడ్డును పట్టుకుని వెనకవి జారితే మలుపులో బండి గిర్రున తిరిగిపోతుంది. నాలుగూ మార్చాలి, నాలుగూ ఒకే రకం ఉండాలి. నన్నడిగితే టైర్లతో పాటు విడిగా నాలుగు స్టీల్ రిమ్ములు కొనుక్కోవడం మేలు. ఏటా టైరు ఊడదీసి బిగించే ఖర్చు తప్పుతుంది, రోడ్డు మీద చల్లే ఉప్పు నుంచి మంచి అల్లాయ్ రిమ్ములూ బతుకుతాయి. కారు మాన్యువల్ ఒప్పుకుంటే ఒక అంగుళం చిన్న రిమ్ము వేసుకోవచ్చు, టైరు ధరా తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కారైతే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ అంకె తప్పక సరిచూసుకోండి, వాటి బరువు ఎక్కువ. సెకండ్ హ్యాండ్‌వి కొంటుంటే టైరు పక్కన డాట్ (DOT) అన్న గుర్తు తర్వాత చివరి నాలుగు అంకెలు చదవండి. 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైనట్టు. గాడి లోతు 4 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.

అద్దె కారు తీసుకునేవాళ్లు బుకింగ్ అప్పుడే వింటర్ టైర్లు అడిగి, ఆ మాట రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. కౌంటర్ దగ్గర తాళం చేతిలో పెట్టాక అడిగితే టెన్షనే మిగులుతుంది. ఫ్రాన్స్ కొండ ప్రాంతాలకు నవంబర్ నుంచి మార్చి మధ్య వెళ్తుంటే వింటర్ టైర్లు గానీ, డిక్కీలో చక్రాలకు చుట్టే మంచు గొలుసులు గానీ ఉండాలని నిబంధన ఉంది. గొలుసులు తగిలించడం ఇంటి దగ్గర ఎండలోనే ఓసారి చేసి చూడండి.

షాపులో అపాయింట్‌మెంట్ అక్టోబర్ మొదట్లోనే పెట్టుకోండి, మొదటి మంచు పడిన మర్నాడు ఊరంతా అక్కడే ఉంటుంది. చక్రాలు మార్చాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి బోల్టులు మళ్లీ బిగింపు చూపించండి. గాలి నెలకోసారైనా చూసుకోవాలి, ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గితే టైర్లో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా పడిపోతుంది. చూసేది బండి తిప్పకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. పొద్దున పూట ఉష్ణోగ్రత మళ్లీ 7 దాటి నిలకడగా ఉంటే వేసవి టైర్లు ఎక్కించేయండి. మెత్తటి రబ్బరు ఎండ రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది, బ్రేకు తొక్కితే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది.