సీలియాక్ ఉన్న పిల్లలకు మన జొన్నరొట్టె: గిర్నీ దగ్గరే అసలు తిప్పలు

సీలియాక్ అంటే గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు. అది ఉన్న పిల్లలకు ఇవి జీవితాంతం పడవు. పాలమూరు, నల్లగొండ ఇండ్లల్ల జొన్నరొట్టె, సర్వపిండి ఎట్లాగూ ఉన్నవే గనుక సగం బాధ తప్పినట్టే. ఒక్క మాట: జబ్బు తేల్చే రక్తపరీక్ష, ఎండోస్కోపీ అయ్యేదాకా గోధుమ మాన్పించొద్దు, ఫలితం తప్పుగా రావచ్చు.

చిక్కంతా గిర్నీలో. గోధుమలు పట్టిన రాళ్లల్లోనే జొన్నలు పోస్తే పిండి కలుస్తుంది. పొద్దున మొదటి వాయి మీదే అయినా నమ్మకం లేదు, నిన్నటి పిండి లోపలే ఉంటుంది. జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లో మిక్సీ పట్టుకోండి. చపాతీ పెనం, పీట, జల్లెడ వేరుగా పెట్టండి. ఇంగువ పొడిలో తరచూ మైదా కలుపుతారు, డబ్బా మీద చదవండి. ప్యాకెట్ సరుకైతే ‘గ్లూటెన్ రహితం’ అని ఉండాలి. మన దేశంలో దానికి హద్దు కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్.

బడిలో సారుకు చీటీ రాసివ్వండి: ఉప్మా, పూరి, సేమియా వద్దు, అన్నం, పప్పు, గుడ్డు పెట్టవచ్చు. మిర్చి బజ్జీ శనగపిండే, కానీ సమోసాలు కాల్చిన నూనెలో వేస్తే పనికిరాదు.

పదిహేనేండ్ల పిల్లలు దోస్తులతో చాటుగా తింటారు. తిట్టకండి, తిట్టితే దాస్తారు. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు రాసిపెట్టుకుని డాక్టరుకు చూపండి.