గాజు తొట్టిలో నదీముఖం: ఉప్పునీటి చొరబాటును చూపే ప్రయోగం

కాళేశ్వరం వద్ద గోదావరిని చూసిన వరంగల్ విద్యార్థులకు, అదే నది సముద్రంలో కలిసే అంతర్వేది వైపు ఉప్పునీరు ఎలా ఎదురెక్కుతుందో తరగతిలోనే చూపవచ్చు. లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కరిగించి నీలిరంగు కలపాలి; సముద్రపు ఉప్పదనం ఇంచుమించు ఇంతే. పొడవైన గాజు తొట్టిలో మంచినీరు పోసి, అది పూర్తిగా నిలకడైన తరువాత, ఒక చివర అడుగుకు ఆనించిన సన్నని గొట్టం ద్వారా రంగునీటిని చాలా నెమ్మదిగా వదలాలి (తొందరపడితే రెండూ కలిసిపోయి చూడటానికేమీ మిగలదు). బరువైన ఉప్పునీరు అడుగునే మొనదేలి ముందుకు పాకుతుంది. ఉప్పునీటి వైపు పైనీటిని తోడేస్తూ, ఎదుటి చివర మంచినీటిని ధారగా పోస్తే మొన వెనక్కి తగ్గుతుంది. వరదకాలంలో నది చేసేది ఇదే. వేసవిలో ప్రవాహం సన్నగిల్లి, పోటు తోడైనప్పుడు ఉప్పు లోలోపలికి చొచ్చుకువస్తుంది. మధ్యలో అడ్డుపలక నిలిపితే నదీముఖం దగ్గర కట్టిన అడ్డుకట్ట దానిని ఎలా ఆపుతుందో కూడా తెలుస్తుంది.