సొంత డబ్బుతో తీసిన సినిమాను అంతర్జాతీయ చిత్రోత్సవానికి పంపే విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో, స్నేహితులనే నటులుగా పెట్టుకుని సినిమా పూర్తిచేసినవారు చాలామంది ఆ వారంలోనే దాన్ని యూట్యూబ్‌లో పెట్టేస్తారు. చిత్రోత్సవాలకు పంపే ఆలోచన ఏమాత్రం ఉన్నా ముందు ఆ పని ఆపాలి. ఇంతకుముందు ఎక్కడా బహిరంగంగా ప్రదర్శించని చిత్రాలనే కోరే ఉత్సవాలు చాలా ఉన్నాయి. ఎంపిక చేసేవారు చూడడానికి పాస్‌వర్డ్ పెట్టిన విమియో (వీడియోలు ఉంచే వెబ్‌సైటు) లింకు సరిపోతుంది.

ఎక్కువ ఉత్సవాలు దరఖాస్తులను ఫిల్మ్‌ఫ్రీవే అనే వేదిక ద్వారా తీసుకుంటాయి. అక్కడ వేల పేర్లు కనిపిస్తాయి కనుక ఎంపికలో తొందర పనికిరాదు. 1995లో అమెరికాలో మొదలైన స్లామ్‌డాన్స్ తన కథాచిత్రాల పోటీని తొలి సినిమా తీసే దర్శకులకు, అదీ పది లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన చిత్రాలకు కేటాయించింది. ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్ ఫెరాన్ ఉత్సవం లఘుచిత్రాలకే అంకితమైనది. ఇలా మీ సినిమా నిడివికి, స్వభావానికి తగినవి ఐదారు ఎంచుకుని, వాటి నిబంధనలను మొదటి నుంచి చివరి వరకు చదవండి. ప్రతి నెలా పదుల కొద్దీ అవార్డులు ప్రకటిస్తూ, ఏ హాలులోనూ ప్రదర్శన జరపకుండా, ట్రోఫీకి కూడా విడిగా డబ్బు అడిగేవాటికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దని నా గట్టి అభిప్రాయం.

ఎంట్రీ ఫీజు గడువు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. దాన్ని డాలర్లలోనో యూరోల్లోనో చెల్లించాలి కనుక, మీ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీల సదుపాయాన్ని బ్యాంకు యాప్‌లో ముందే తెరిపించుకోండి. ఫీజు మినహాయింపు కోరుతూ నిర్వాహకులకు మర్యాదగా, క్లుప్తంగా ఉత్తరం రాయడంలో చిన్నతనమేమీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టవలసింది సబ్‌టైటిళ్ల మీద. మన సినిమాకు ప్రాణం మన యాసలో ఉంటుంది; ఆ యాస తెలియని ఎంపికదారు చదివేది కింద వచ్చే రెండు వరుసలు మాత్రమే. ఒక్కో వరుసలో సుమారు నలభై అక్షరాలకు మించకుండా, కనీసం ఒక సెకను పాటు తెర మీద నిలిచేలా రాయాలి. పాత్ర 'ఓలమ్మో' అన్నప్పుడు అది భయమా, ఆశ్చర్యమా, వెక్కిరింతా అని సన్నివేశాన్ని బట్టి తేల్చుకుని ఆ భావాన్ని ఇంగ్లీషులో పెట్టాలి తప్ప, నిఘంటువులో మాటకు మాట వెతకకూడదు. 'గుంట' అంటే మన దగ్గర పిల్ల అని తెలియని అనువాదకుడు దాన్ని గొయ్యిగా మార్చేస్తే విషాద సన్నివేశం నవ్వులపాలవుతుంది. పైడితల్లమ్మ సిరిమాను వంటి మాటలను మాత్రం అలాగే ఉంచండి; పొడవైన మాను చివర కూర్చున్న పూజారి తెర మీద కనిపిస్తున్నప్పుడు వివరణ అవసరం లేదు. రాసిన తరువాత తెలుగు రానివారొకరికి సినిమా చూపించి, ఎక్కడ అర్థం కాలేదో అడిగి సరిదిద్దండి.

సంగీతం విషయంలో నిర్లక్ష్యం అసలు పనికిరాదు. సినిమా పాట నేపథ్యంలోని టీవీలో వినిపించినా, హక్కుదారు అనుమతి లేకపోతే చిక్కు వస్తుంది. అందుకు బదులు ఊళ్లోని తప్పెటగుళ్ల బృందంతో విడిగా రికార్డు చేయించి, తగిన పారితోషికం ఇచ్చి, ఆ ధ్వనిని చిత్రంలో వాడుకోవడానికి వారి సంతకంతో అనుమతి పత్రం తీసుకోండి. టైటిళ్లలో ప్రతి కళాకారుడి పేరూ ఉండాలి. నటీనటుల నుంచి, షూటింగు జరిగిన ఇళ్ల యజమానుల నుంచి కూడా ఇటువంటి పత్రాలు తీసుకోవడం మంచిది.

సినిమా ఎంపికైతే ఉత్సవ నిర్వాహకులు థియేటరు కోసం డీసీపీ (డిజిటల్ సినిమా ప్యాకేజీ, అంటే థియేటరు ప్రొజెక్టరులో వేసే డిజిటల్ ప్రతి) అడగవచ్చు. డీసీపీ‌-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో దాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. థియేటర్లలో సెకనుకు 24 ఫ్రేముల వేగమే సర్వసాధారణం కనుక కెమెరాను షూటింగు మొదటి రోజునే ఆ వేగానికి పెట్టుకోవాలి. 25లో తీసి తరువాత 24కు తగ్గిస్తే సినిమా నిడివి నాలుగు శాతం పెరుగుతుంది, గొంతులు కూడా కొద్దిగా బరువెక్కుతాయి. పంపే ముందు, ఊళ్లోని థియేటరు యజమానిని అడిగి ఉదయం ఆట మొదలయ్యేలోపు ఆ ప్రతిని పూర్తిగా వేయించుకుని, చివరి వరుసలో కూర్చుని సబ్‌టైటిళ్లు చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.