పర్లాకిమిడి వంటి ఊళ్లలో ఉత్తుత్తి అలారం కాల్స్‌ను బైలా ద్వారా తగ్గించడం ఎలా?

నగల దుకాణంలో అర్ధరాత్రి సైరన్ మోగితే పోలీసులు రాక తప్పదు. తీరా వచ్చి చూస్తే సెన్సార్ మీద పాకిన బల్లో, షట్టర్ సందులోంచి దూరిన ఎలుకో, కరెంటు పోయి వచ్చాక మొరాయించిన పాత బ్యాటరీయో తప్ప దొంగ కనిపించడు. అమెరికాలో జరిపిన పరిశీలనల్లో ఇటువంటి కాల్స్‌లో 90 శాతానికి పైగా ఉత్తవేనని తేలింది. ఒడిశాలోని మన గజపతి జిల్లా చిన్న ఊళ్లలో రాత్రి గస్తీ జీపు ఒక ఉత్తుత్తి కాల్‌కు వెళ్లిందంటే, ఆ సమయంలో నిజంగా ఆపదలో ఉన్నవారికి అది అందనట్టే.

ముందుగా వీధి వర్తకులంతా కలిసి, ఏ దుకాణంలో ఏ వేళకు అలారం మోగింది, ఎందుకు మోగింది, ఎవరు వచ్చి ఆపారు అన్న వివరాలను కొన్ని నెలలపాటు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. లెక్క చేతిలో లేకుండా వార్డు కౌన్సిలర్ దగ్గరకు వెళితే మాట నిలవదు.

తరువాత బైలాకు, అంటే పురపాలక సంఘం తన ఊరికి చేసుకునే నిబంధనకు, ముసాయిదా రాయించండి. అలారం పెట్టుకున్న ప్రతివారూ పురపాలక సంఘంలో నమోదు చేయించుకోవాలని, తాళంచెవులు ఉన్న ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వాలని అందులో ఉండాలి. మన ప్రాంతంలో యజమాని సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో కాపురముండి ఇక్కడ వ్యాపారం చేయడం మామూలే కనుక, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఊళ్లోనే ఉండాలన్న షరతు తప్పనిసరి. సైరన్ పది నిమిషాల్లో దానంతటదే ఆగిపోవాలని కూడా చేర్చండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్సే.

జరిమానా సంగతి చాలామంది మొదట ఎత్తుతారు. ఒకటి రెండు హెచ్చరికల తరువాత, సారిసారికీ పెరిగే జరిమానా ఉండవలసిందే. అయితే నా ఉద్దేశంలో అసలు పని చేసేది నిర్ధారణ షరతు. పోలీసులకు చెప్పేముందు యజమానికి, ఆయన పలకకపోతే రెండో మనిషికి ఫోన్ చేయాలి, లేదా ప్రైవేటు భద్రతా ఏజెన్సీల 2005 చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెన్సీ కాపలాదారు వెళ్లి చూడాలి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 2000 డిసెంబరు నుంచి కాపలాదారు చూసి చెప్పాకే పోలీసులు కదిలే పద్ధతి పెట్టగా, వారికి వచ్చే అలారం కాల్స్ దాదాపు 90 శాతం తగ్గాయి. మనిషి స్వయంగా నొక్కే ఆపద మీటకు, నేరుగా 112కు చేసే ఫోన్‌కు మాత్రం ఈ షరతు వర్తించకూడదు.

బైలాకు కౌన్సిల్ తీర్మానంతో పాటు, 1950 ఒడిశా మున్సిపల్ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కూడా కావాలి. ముసాయిదా ఒడియాలో వెలువడుతుంది కనుక, తెలుగువారు ఎక్కువగా ఉన్న వార్డుల్లో తెలుగు ప్రతిని కూడా అతికించమని కోరండి. అభ్యంతరాలు ఉంటే గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి, రశీదు తీసుకోండి.