పొత్తికడుపు నొప్పికి సిరలు మూసే చికిత్స: ట్రయల్‌లో చేరమంటే ఏం చూసుకోవాలి

పొత్తికడుపులో ఆరు నెలలకు పైగా బరువుగా, లాగుతున్నట్టు నొప్పి. పొద్దుటి కంటే సాయంత్రానికి ఎక్కువ, నిలబడి పనిచేస్తే, నెలసరి ముందు, కలయిక తర్వాత ఇంకా ఎక్కువ, పడుకుంటే కాస్త నయం. ఇలా ఉంటే అండాశయ సిరల్లో కవాటాలు సరిగ్గా మూసుకోక రక్తం కిందికి జారి నిలిచిపోతోందేమో చూపించుకోండి. ఇది పిల్లల్ని కన్నవాళ్లలోనే ఎక్కువ. పడుకోబెట్టి చేసే మామూలు స్కాన్‌లో ఈ సిరలు సన్నబడి కనిపించకపోవచ్చు, కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన నొప్పి మీ భ్రమ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, డాప్లర్ (సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే స్కాన్) గురించి అడగండి.

చికిత్స ఇలా ఉంటుంది: మెడ దగ్గరో గజ్జల్లోనో సిరలోకి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, పాడైన సిరను లోహపు కాయిల్స్‌తో, ఒక్కోసారి నురుగు మందుతో మూసేస్తారు. దీన్ని ఎంబొలైజేషన్ అంటారు. 1993 నుంచీ వైద్య పత్రికల్లో ఉంది. చాలామందికి తగ్గిందనే రాశారు, కానీ ఆ అధ్యయనాల్లో ఎక్కువ వాటికి పోల్చి చూసే రెండో గుంపే లేదు. నొప్పి దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పైగా ఏదో ఒకటి చేశారన్న ధైర్యానికే కొంత తగ్గుతుంది. అసలు నొప్పే లేని ఆడవాళ్లలోనూ సిరలు ఉబ్బి కనిపిస్తాయి. అందుకే ఈ చికిత్స నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చే గట్టి ట్రయల్ అంటే అందరికీ గొట్టం పంపి, లాటరీ పద్ధతిలో కొందరికే సిర మూసి, ఎవరికి మూశారో వాళ్లకు చెప్పకుండా నెలల తర్వాత నొప్పి లెక్క చూడటం. ఇది అన్యాయంగా అనిపించొచ్చు గానీ, నాకు ఇదే న్యాయం, ఎందుకంటే లేకపోతే ఇంకో ఇరవై ఏళ్లు మనకు అంచనాలే మిగులుతాయి.

ఇలాంటి ట్రయల్‌లో చేరేముందు ఒక నెల పాటు నొప్పి డైరీ రాయండి. ఉదయం, సాయంత్రం సున్నా నుంచి పదిలో ఎంత, నెలసరి ఏ రోజు, ఏ మాత్ర వేసుకున్నారు, అంతే. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), మూత్రాశయం, పేగుల సమస్యలు కాదని తేల్చారా అని గైనకాలజిస్ట్‌ని అడగండి. ట్రయల్ సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదైందా, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా చూడండి.

తర్వాత నేరుగా అడగాల్సినవి: చికిత్స అందని గుంపులో పడితే తర్వాత ఇస్తారా? ఖర్చు ఎవరిది? ఏదైనా హాని జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు? జవాబులు కాగితం మీదే ఉండాలి. కాన్సెంట్ ఫారం తెలుగు ప్రతిని ఇంటికి తెచ్చుకుని, నిదానంగా చదివాకే సంతకం పెట్టండి. నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చు, దానివల్ల మీ మామూలు వైద్యం ఆగకూడదు.

గర్భం ఉందేమో, త్వరలో ప్లాన్ చేస్తున్నారేమో ముందే చెప్పండి, ఎక్స్‌రే ఉంటుంది కదా. కాంట్రాస్ట్ మందుకి (ఎక్స్‌రేలో సిరలు కనబడేందుకు ఎక్కించేది) అలర్జీ, కిడ్నీ సమస్య ఉన్నా దాచొద్దు. చేయించుకున్న తర్వాత కొన్ని రోజులు నొప్పి మామూలే. అరుదుగా కాయిల్ కదిలిపోవచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి, కాలు వాపు, జ్వరం వస్తే ఫాలో-అప్ తేదీ దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.